పుట్టుకా? పట్టికా? కెల్టిక్ నామవాచకాల మీద ఒక వాదోపవాదం

నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడు, అన్నీ అలా పుట్టలేదని గార్గ్యుడు వాదించినట్టు యాస్కుడు నిరుక్తంలో చెప్పాడు. ఇక్కడి తగాదా దానికి దగ్గరి చుట్టం. కెల్టిక్ కుటుంబానికి చెందిన ఐరిష్, వెల్ష్ భాషల నామవాచకాలు నేర్చుకునేవాళ్లు ముందు మాట పుట్టుకను పట్టుకోవాలా, రూపాల పట్టికను పట్టుకోవాలా? నైరుక్తుడిది పుట్టుక పక్షం. వైయాకరణిది పట్టిక పక్షం. ఆ భాషల మాటలను స్పెల్లింగు ప్రకారం కాకుండా పలుకుబడికి దగ్గరగా రాశాం. వాటిలో ‘ఖ’ వస్తే గొంతు రాపిడితో పలకాలి.

నైరుక్తుడు: ఐరిష్‌లో నామవాచకం చివర మారుతుంది, మొదలూ మారుతుంది. కొత్తవాళ్లు బెదిరేది ఆ మొదలు దగ్గరే. ఇంగ్లీషు ‘the’ లాంటి ఆర్టికల్ ‘అన్’ తీసుకుందాం; కొన్ని విభక్తుల్లో అదే ‘న’ అవుతుంది. స్త్రీ ‘బ్యాన్’, ‘ఆ స్త్రీ’ అంటే ‘అన్ వ్యాన్’. పురుషుడు ‘ఫ్యార్’, ‘ఆ పురుషుడు’ అంటే ‘అన్ ఫ్యార్’, ఇక్కడ మార్పు లేదు. ‘ఆ పురుషుడి’ అనాలంటే ‘అన్ ఇర్’, ఫకారమే ఎగిరిపోయింది. ‘ఆ స్త్రీల’ అంటే ‘న మన్’, ‘ఆ పురుషుల’ అంటే ‘న వ్యార్’. ఐర్లండ్ ‘ఏర్యె’, ‘ఐర్లండ్ యొక్క’ అంటే ‘న హేరన్’. తండ్రి ‘అహిర్’, ఆర్టికల్ చేరితే ‘అన్ తహిర్’. మీ పట్టికలో ఇవి విడివిడి నియమాలు, ఒక్కోదానికి ఒక్కో గడి. నా దగ్గర ఉన్నది ఒక్కటే. ఆ ‘అన్’ ఒకప్పుడు అన్ని విభక్తుల్లో ‘అన్’ కాదు.

వైయాకరణి: చెప్పండి మాస్టారూ, ఆ ఒక్కటీ ఏమిటో.

నైరుక్తుడు: ఇవి రాతలో దొరికిన రూపాలు కావు, సోదర భాషలతో పోల్చి కట్టినవి. పుంలింగ ప్రథమ ‘సిందొస్’, స్త్రీలింగ ప్రథమ ‘సిందా’, పుంలింగ షష్ఠి ‘సిందీ’, స్త్రీలింగ షష్ఠి ‘సిందాస్’, బహువచన షష్ఠి ‘సిందోన్’. ‘సిందా’, ‘సిందీ’ అచ్చుతో ముగుస్తాయి. పక్కమాట మొదటి హల్లు రెండు అచ్చుల మధ్య ఇరుక్కుని మెత్తబడింది. ఐరిష్ వాళ్లు దాన్ని ‘షేవూ’ అంటారు: బ పోయి వ, క పోయి ఖ, ఫ పోయి శూన్యం. ‘సిందోన్’ చివరి నకారం పక్క హల్లును నాదంలోకి లాగింది. అది ‘ఉరూ’: క గ అవుతుంది, త ద, ప బ, ఫ వ. అప్పటికే నాదం ఉన్న బ, ద, గ లు మ, న, ఙ అవుతాయి. ‘సిందాస్’ చివరి సకారం హ అయ్యి ‘హేరన్’లో మిగిలింది. ‘సిందొస్’ సకారం దకారంతో కలిసి ‘తహిర్’లో తకారమైంది. అంతాలు ఊడిపోయాయి, వాటి దెబ్బ మాత్రం పక్కమాట మీద మిగిలింది. తెలుగు చదువుకున్నవాళ్లకు ఇది కొత్త కాకూడదు. ద్రుతం మీద పరుషాలు సరళాలైతే మనం సరళాదేశం అంటాం. ‘వచ్చెన్ + కాని’ పద్యంలో ‘వచ్చెఁ గాని’ అయినప్పుడు నకారం అరసున్నగా మిగిలి కకారం గకారమైంది. ‘న గత్’, అంటే ‘ఆ పిల్లుల’, సరిగ్గా అదే పని.

వైయాకరణి: పోలిక బాగుంది, అందుకే నాకు పనికొస్తుంది. ఏ మాటలు ద్రుతం ఉన్న ద్రుతప్రకృతికాలు, ఏవి అది లేని కళలు అన్నది చిన్నయసూరి పుట్టుక చెప్పి తేల్చాడా? జాబితా ఇచ్చాడు. విద్యార్థి జాబితా నేర్చుకున్నాడు, పద్యం తప్పు లేకుండా రాశాడు. సంగతి అలా ఉంచండి. మీ లెక్కలో చతుర్థి ఆర్టికల్ కూడా అచ్చుతోనే ముగిసింది కదా? ‘సిందూ’ అంటారు మీరు. అంటే ‘ఆ మనిషితో’ అన్నప్పుడు షేవూ రావాలి, ‘లెష్ అన్ యార్’ అనాలి.

నైరుక్తుడు: ఐర్లండ్ ఉత్తరాన అల్‌స్టర్‌లో అలాగే అంటారు.

వైయాకరణి: పడమట కానాక్ట్‌లో, దక్షిణాన మన్‌స్టర్‌లో? ‘లెష్ అన్ వ్యార్’. ఉరూ! నకారంతో ముగియని చోట నకారం దెబ్బ ఎక్కడి నుంచి వచ్చింది? ‘అన్’లో కనిపిస్తున్న నకారాన్ని చూసి జనమే తర్వాత కల్పించుకున్నారు. అదే భాషలో ‘దన్’ అంటే ‘ఆ ఫలానాకు’, ‘దెన్’ అంటే ‘ఆ ఫలానా నుంచి’. ఈ రెండిటి తర్వాత మాత్రం షేవూయే: ‘దన్ యార్’. అధికారిక ప్రమాణం ‘లెష్ అన్’ వంటివాటికి రెండు పద్ధతుల్నీ ఒప్పుకుంటుంది. కానీ ఒకే వ్యాసంలో రెండూ కలిపితే రాసినవాడికి ఏదీ రాదని తెలిసిపోతుంది. పుట్టుక నమ్ముకుని కానాక్ట్‌లోని గాల్వేలో నోరు విప్పినవాడు అల్‌స్టర్ యాసలో మాట్లాడుతున్నాడు, ఆ సంగతి వాడికే తెలియదు. ఇంకోటి. పానీయం ‘ద్యోఖ్’ స్త్రీలింగం. మీ ‘సిందా’ ప్రకారం మెత్తబడాలి. మెత్తబడదు, ‘అన్ ద్యోఖ్’ అనే ఉంటుంది. ద, త లు ఆర్టికల్ నకారం పక్కన కదలవు. సకారానిది ఇంకో దారి: వీధి ‘స్రాద్య్’ అయితే, ‘ఆ వీధి’ ‘అన్ త్రాద్య్’. ఇవి పట్టికలో ఒక్క గడి.

నైరుక్తుడు: న, ద, త మూడూ పళ్ల దగ్గరే పుడతాయి కాబట్టి ఒకదాన్నొకటి కాపాడుకున్నాయి. ధ్వని ఎక్కడ పుడుతుందో తెలిసినవాడికి ఆ మినహాయింపు గుర్తుపెట్టుకోవలసిన పనే లేదు. చతుర్థి మాట ఒప్పుకుంటాను, అక్కడ జనం గీత దాటారు. కానీ ‘లెష్’లో షకారం చూశారా? ఉపసర్గ అసలు ‘లె’ మాత్రమే. ఆ షకారం ‘సింద్’ మొదటి సకారమే. ఆర్టికల్ తల పోగొట్టుకుని ఉపసర్గకు తోకగా అతుక్కుంది.

వైయాకరణి: అది తెలిస్తే ఒక్క వాక్యమైనా మెరుగ్గా వస్తుందా?

నైరుక్తుడు: వచ్చే చోటు చూపిస్తాను. ‘అతని, ఆమె, వారి’ మూడిటికీ ఐరిష్‌లో ఒకే మాట, ‘అ’. తేడా అంతా పక్కమాట మోస్తుంది. అతని పిల్లి ‘అ ఖత్’, ఆమె పిల్లి ‘అ కత్’, వాళ్ల పిల్లి ‘అ గత్’. అచ్చుతో మొదలయ్యే మాటైతే, పేరు ‘అన్యిమ్’ ఉంది కదా, అతని పేరు ‘అ అన్యిమ్’, ఆమె పేరు ‘అ హన్యిమ్’, వాళ్ల పేరు ‘అ నన్యిమ్’. నేర్చుకునేవాళ్లు ఏడాది గడిచినా అతన్నీ ఆమెనీ తారుమారు చేస్తుంటారు. ఇప్పుడు సంస్కృతంలో షష్ఠి చూడండి: అస్య, అస్యాః, ఏషామ్. అచ్చుతో ముగిసిన ‘అస్య’ చోట మెత్తదనం. విసర్గ ఉన్న ‘అస్యాః’ చోట హకారం. అనునాసికం ఉన్న ‘ఏషామ్’ చోట నకారం. ఐరిష్ సంస్కృతం నుంచి పుట్టిందని కాదు, ఆ మాట ఎవరన్నా చెవిన పెట్టకండి. రెండూ ఒకే తాతకు మనవలు. ‘అన్యిమ్’కూ మన ‘నామ’కూ తాత ఒకడే. సంస్కృత విభక్తి రూపాల పుస్తకం శబ్దమంజరి చదివిన తెలుగువాడికి ఈ మూడూ ఒక్కసారి చెబితే చాలు.

వైయాకరణి: శబ్దమంజరి చదివినవాళ్లు ఎందరు మిగిలారు లెండి. అయినా ఇది మీ పక్షంలో గట్టి ముక్క, కాదనను. వెల్ష్‌లో కూడా నిలుస్తుందా?

నైరుక్తుడు: సగం నిలుస్తుంది. పిల్లి ‘కాథ్’. అతని పిల్లి ‘ఇ గాథ్’, ఆమె పిల్లి ‘ఇ ఖాథ్’, వాళ్ల పిల్లి ‘ఇ కాథ్’. అచ్చు తర్వాత మెత్తబడటం అక్కడా ఉంది, పాత సకారం తర్వాత రాపిడి వచ్చింది. మూడోదానిలో నకారం ఆనవాలు లేకుండా పోయింది.

వైయాకరణి: ఇక మొదలు వదిలి చివరికి వద్దాం. విభక్తి అక్కడే ఉంది. ఇల్లు ‘త్యాఖ్’, ఇంటి ‘తీ’, ఇళ్లు ‘తిహె’. రోజు ‘లా’, రోజు యొక్క ‘లే’, రోజులు ‘లేహన్త’. పానీయం ‘ద్యోఖ్’, షష్ఠి ‘ద్యీ’. తెలుగు పిల్లలు ‘ఇల్లు–ఇంటి, ఏరు–ఏటి, రాయి–రాతి’ ఏ పుట్టుక చూసి నేర్చుకున్నారు? వందసార్లు విని నేర్చుకున్నారు. ఐరిష్ పిల్లలూ అంతే. కాబట్టి పద్ధతి చెబుతాను. ప్రతి నామవాచకానికీ నాలుగు రూపాలు ఒకే వరుసలో రాసుకోవాలి: ఆర్టికల్‌తో ప్రథమ, ఆర్టికల్‌తో షష్ఠి, బహువచనం, బహువచన షష్ఠి. బూటు మాట తీసుకుంటే ‘అన్ వ్రోగ్, న బ్రోగ్యె, న బ్రోగ, న మ్రోగ్’. గట్టిగా ఒక్క ఊపిరిలో చదవాలి. మొదటి రూపంలోనే లింగం తెలిసిపోతుంది, మెత్తబడింది కనుక స్త్రీలింగం. ఆర్టికల్ లేకుండా ‘బ్రోగ్ అంటే బూటు’ అని రాసుకున్నవాడు లింగం పారేసుకున్నట్టే. తర్వాత విశేషణం పెట్టిన ప్రతిసారీ తప్పే వస్తుంది.

నైరుక్తుడు: నాలుగో రూపం చాలాసార్లు ఏకవచనంలాగే ఉంటుందెందుకో మీ వరుస చెప్పదు.

వైయాకరణి: చెప్పదు. కానీ అక్కడే ఎక్కువమంది పడతారు, కాబట్టి అక్కడే ఎక్కువసేపు ఆగుతాను. పడవ ‘బాద్’, పడవలు ‘బాద్య్’. ‘ఆ పడవల’ అనాలి. బహువచనం కదా అని ‘న మాద్య్’ అనేస్తారు. తప్పు. ‘న మాద్’ అనాలి. ఇలాంటివి బలహీన బహువచనాలు, వీటికి బహువచన షష్ఠి ఏకవచన ప్రథమలా ఉంటుంది. ‘లేహన్త’, ‘తిహె’ లాంటివి బలమైనవి, అన్ని విభక్తుల్లోనూ కదలవు. డొనెగాల్ అనే ఊరి పేరు అసలు ‘దూన్ న ఙల్’, పరదేశుల కోట. గకారం ఙకారమైంది, చివర మాత్రం ఏకవచనంలానే ఉంది. పేరు గుర్తుంటే నియమం గుర్తున్నట్టే.

నైరుక్తుడు: కారణం నేను చెబుతాను, ‘ఫ్యార్’ మీద. మన వీరుడికీ లాటిన్ ‘విర్’కీ తోబుట్టువు అది. పాత ప్రథమ ‘విరొస్’, బహువచన షష్ఠి ‘విరోన్’. రెంటిలోనూ చివర ఒకారం లాంటి అచ్చు. అది రాలిపోయినా హల్లును తాలవ్యం చేయలేదు, అంటే నాలుకను అంగిలి వైపు లేపి పలికించలేదు. రెండూ ‘ఫ్యార్’ అయ్యాయి. ఏకవచన షష్ఠి ‘విరీ’. చివరి ఈకారం రకారాన్ని తాలవ్యం చేసి ‘ఫిర్’ అయింది. ఈ ఈకారం ఊహ కాదు, రాళ్ల మీద ఉంది. ఐర్లండ్‌లో, వేల్స్‌లో నిలువు రాళ్ల అంచున గీతలతో చెక్కిన ఒగమ్ శాసనాలున్నాయి, ఎక్కువ భాగం 5, 6 శతాబ్దాలవి. ‘ఫలానావాడి, ఫలానావాడి కొడుకు యొక్క’ అని చెక్కడం వాటి వరస. ‘కొడుకు యొక్క’ అన్నచోట ‘మక్వి’ అని ఉంటుంది. నేటి ‘మక్’, షష్ఠిలో ‘మిక్’. చివరి ఇకారం రాలిపోతూ అచ్చునే మార్చేసింది. వెల్ష్‌లో అదే మాట ‘మాబ్’, క్వ పోయి ప, ఆపైన బ.

వైయాకరణి: ఆ ఈకారంతోనే కదా మీవాళ్లు ‘ఈఅ–ఏ’ సూత్రం కట్టారు? చేప ‘ఈఅస్క్’, షష్ఠి ‘ఏష్క్’.

నైరుక్తుడు: సూర్యుడు ‘గ్రీఅన్’, ‘గ్రేన్యె’. కొండ ‘శ్లీఅవ్’, ‘శ్లేవె’. తెలివి ‘కీఅల్’, ‘కేల్యె’. దేవుడు ‘ద్యీఅ’, ‘ద్యే’. పాత దీర్ఘ ఏకారం మామూలు హల్లు ముందు ‘ఈఅ’గా విరిగింది, తాలవ్య హల్లు ముందు విరగకుండా నిలిచింది. మీ పట్టికలో చేప ఒకటో డిక్లెన్షన్, అంటే ఒకటో విభక్తి వర్గం, సూర్యుడు రెండు, దేవుడు నాలుగు. మూడు చోట్ల మూడు అపవాదాలు. నా దగ్గర ఒకే సూత్రం.

వైయాకరణి: బ్రీఅన్ అనే మనిషి పేరుకు షష్ఠి?

నైరుక్తుడు: ‘బ్రీఅన్య్’.

వైయాకరణి: ‘బ్రేన్’ కాదు కదా. ఓబ్రయన్ ఇంటిపేరు ఐరిష్‌లో ‘ఓ బ్రీఅన్య్’. దెయ్యం ‘దీఅవల్’, షష్ఠిలో కూడా ఈఅ అలాగే ఉంది. పాత ఏకారం నుంచి వచ్చిన ఈఅ ఏదో, వేరే దారిన వచ్చినది ఏదో విద్యార్థికి ఎలా తెలుస్తుంది? డిక్షనరీ చూడాలి. డిక్షనరీ తెరిచాక షష్ఠి రూపం అక్కడే అచ్చువేసి ఉంటుంది. ఇక మీ సూత్రానికి పనేముంది?

నైరుక్తుడు: యాభై మాటలకు యాభైసార్లు తెరవాల్సిన పని తప్పుతుంది. మీ అయిదో డిక్లెన్షన్ సంగతే చూడండి, మిగతా నాలుగిటిలో ఇమడని సామానంతా అందులో పడేశారు. మిత్రుడు ‘కర’, షష్ఠి ‘కరద్’. నగరం ‘కహిర్’, షష్ఠి ‘కహ్‌రఖ్’. ‘ఏర్యె’, ‘ఏరన్’. పట్టికలో పొంతన లేనట్టు కనిపిస్తాయి. పాత హలంత ప్రాతిపదికలు, అంటే హల్లుతో ముగిసే మూలరూపాలు, అనుకుంటే పొంతన ఉంది: ప్రథమలో దాక్కున్న హల్లు షష్ఠిలో బయటపడుతుంది. ఆత్మా–ఆత్మనః లాగా. నెల ‘మీ’, షష్ఠి ‘మీస’. ఆ సకారం మన మాసంలోని సకారమే. కుక్క ‘కూ’, షష్ఠి ‘కన్’. సంస్కృతంలో శ్వా, శునః. వెల్ష్‌లో కుక్క ‘కీ’, కుక్కలు ‘కూన్’. స్త్రీ షష్ఠిలో ‘మ్నా’ ఎందుకవుతుందో కూడా ఇలాగే తేలుతుంది. పాత షష్ఠి ‘బ్నాస్’. బ్న పలకలేక మ్న అన్నారు. వేదంలో దేవతాస్త్రీలకు ‘గ్నా’ అనే మాట ఉంది. అక్కడ గ, ఇక్కడ బ. గోవుకు ఐరిష్‌లో ‘బో’ అన్నట్టే.

వైయాకరణి: అవును, నది మాట మరిచారే? ‘అవిన్’, షష్ఠి ‘అవన్’. ప్రాచీన ఐరిష్‌లో ప్రథమ ‘అవ్’ మాత్రమే. ఇప్పటి ‘అవిన్’ పాత ద్వితీయా చతుర్థుల రూపం. జనం దాన్నే ప్రథమగా వాడుకున్నారు. ‘ప్రథమలో హల్లు దాక్కుంటుంది’ అన్న మీ సూత్రం అక్కడ కొట్టుకుపోయింది. ఇంగ్లీషువాళ్లు ఐర్లండ్‌ను ‘ఎరిన్’ అనడమూ అంతే, ‘ఏరిన్’ చతుర్థి, పేరనుకున్నారు. ఇంకా మాస్టారూ, వాక్యంలో షష్ఠి ఎక్కడ పెట్టకూడదో పుట్టుక అసలు చెప్పదు. ‘ఇంటాయన టోపీ’ అనాలి. టోపీ ‘హత’, ఇంటాయన ‘ఫ్యార్ అన్ తీ’. టోపీ పక్కన ఉన్నాడు కాబట్టి ‘ఇర్’ కావాలని అందరూ అనుకుంటారు. కాదు, ‘హత యార్ అన్ తీ’. నిశ్చిత షష్ఠులు గొలుసుగా వస్తే చివరిది ఒక్కటే షష్ఠి రూపం తీసుకుంటుంది. నడిమిది ప్రథమలోనే ఉండి మొదట మెత్తబడుతుంది. ఆర్టికల్ కూడా చివర ఒక్కసారే. ప్రాచీన ఐరిష్‌లో అక్కడ ‘ఫిర్’ ఉండేది. పుట్టుక చూసి రాస్తే నేడు తప్పు.

నైరుక్తుడు: వాక్యనిర్మాణం మీకే వదిలేస్తున్నాను. లింగం దగ్గరికి రండి.

వైయాకరణి: రమ్మనకుండానే వస్తాను! అమ్మాయి ‘కల్యీన్’, పుంలింగం. ‘అన్ కల్యీన్’, మెత్తబడదు. కారణం ‘ఈన్’ ప్రత్యయం. సర్వనామం మాత్రం ‘ఆమె’యే. కిటికీ ‘ఫిన్యోగ్’. వైకింగుల మాట ‘విండౌగా’ నుంచి వచ్చింది, అక్కడ నపుంసకం. ఐరిష్‌లో స్త్రీలింగం, ఎందుకంటే చివర ‘ఓగ్’ వినిపించింది. పుట్టిన భాషలో లింగం ఏమిటన్నది అక్కరకు రాలేదు. చివర ‘ఓగ్’, ‘లన్’ ఉంటే స్త్రీలింగం, ‘ఈన్’, ‘ఆన్’, వృత్తిని చెప్పే ‘ఓర్య్’ ఉంటే పుంలింగం. అయిదు తోకలతో వందల మాటలు తేలిపోతాయి.

నైరుక్తుడు: అరువు మాటల్లోనే పుట్టుక రుచి తెలుస్తుంది. పాత కెల్టిక్ భాష పకారాన్ని పోగొట్టుకుంది. ‘పితా’కు దీటైనది ‘అహిర్’, లాటిన్ ‘పిస్కిస్’కు దీటైనది ‘ఈఅస్క్’. ఆ తర్వాత క్రైస్తవంతో లాటిన్ మాటలు వచ్చాయి. మొలక అనే అర్థంలో ‘ప్లాంటా’ వచ్చింది. ఐరిష్ వాళ్లకు ప పలకదు, క పెట్టి ‘క్లన్’ అన్నారు, సంతానం అని అర్థం. వెల్ష్‌కు అప్పటికి క్వ నుంచి కొత్త ప పుట్టింది, కాబట్టి ‘ప్లాంట్’ అలాగే నిలిచింది, పిల్లలు అని అర్థం. వెల్ష్‌లో చేపలు ‘పస్గోద్’. మొదట్లో ప ఉంది కనుక అది లాటిన్ సరుకే.

వైయాకరణి: ఆ రెండు వెల్ష్ మాటల్లో అసలు చూడాల్సింది ఇంకొకటుంది. ‘ప్లాంట్’ పిల్లలు, ‘ప్లెంటిన్’ ఒక పిల్లవాడు. ‘పస్గోద్’ చేపలు, ‘పస్గోదిన్’ ఒక చేప. ‘అదర్’ పక్షులు, ‘అదెరిన్’ ఒక పక్షి. ‘కోయ్ద్’ చెట్లు, ‘కోయ్దెన్’ ఒక చెట్టు. ‘సేర్’ చుక్కలు, ‘సెరెన్’ ఒక చుక్క. ప్రత్యయం చేరేది బహువచనానికి కాదు, ఏకవచనానికి. ‘ఇన్’ అయితే పుంలింగం, ‘ఎన్’ అయితే స్త్రీలింగం. తెలుగువాళ్లు ‘లు’ అలవాటుతో ‘ప్లెంటిన్’కు ఇంకో బహువచన ప్రత్యయం తగిలిస్తారు. పైగా వెల్ష్‌లోనూ ఐరిష్‌లోనూ సంఖ్య పక్కన ఏకవచనమే. ముగ్గురు అమ్మాయిలు ‘టైర్ మెర్ఖ్’. ‘మెర్ఖెద్’ అనకూడదు.

నైరుక్తుడు: వెల్ష్‌లో విభక్తులు పోయినా పాత అంతాలు బహువచనంలో బతికున్నాయి. మేక ‘గవ్ర్’, మేకలు ‘గెయ్వ్ర్’. చివరి ఈకారం లోపలి అచ్చును మార్చి తాను పోయింది. చెయ్యి ‘ల్లావ్’, చేతులు ‘దుయ్‌లో’. అంటే ‘రెండు చేతులు’. సంస్కృతంలోని ద్వివచనం అక్కడ బహువచనం వేషంలో ఉంది.

వైయాకరణి: కారు ‘కార్’, కార్లు ‘కెయ్ర్’. మోటారు కారుకు ఏ ఈకారం ఉందండీ?

నైరుక్తుడు: అక్కడ దొరికిపోయారు! ‘కార్’ వెల్ష్‌లో బండికీ, ఈడ్చే సరంజామాకూ ఎప్పటినుంచో ఉన్న మాట, బహువచనం ‘కెయ్ర్’తో సహా. లాటిన్ ‘కర్రుస్’ గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్ ప్రాంతపు) కెల్టుల దగ్గర తెచ్చుకున్నదే. ఇంగ్లీషు కారు ఆ వంశమే.

వైయాకరణి: సరే, బస్సు? ‘బుస్’, బస్సులు ‘బస్యై’. ఎవరో ఒకరు ఆ తోక తగిలించారు, అందరూ అన్నారు, అంతే. ఐరిష్ అంకెల్లోనూ ఇదే కథ. ఏడు నుంచి పది దాకా పక్కమాటకు ఉరూ. ఏడు ‘ష్యాఖ్త్ గత్’. పాత ఏడు, తొమ్మిది, పది అనునాసికంతో ముగిశాయని మీరు చెబుతారు, ఒప్పుకుంటాను. ఎనిమిది?

నైరుక్తుడు: ముగియలేదు. అటు ఏడు, ఇటు తొమ్మిది ఉంటే మధ్యలో ఎనిమిది కూడా వరసలో కలిసింది.

వైయాకరణి: ఆ వరసనే నేను పట్టిక అంటున్నాను.

నైరుక్తుడు: మీ పట్టికలో చోటే లేని నకారం ఒకటి చూపిస్తాను. ఐర్లండ్ దీవిలో అతి పెద్ద సరస్సు లాక్ నే. ఐరిష్‌లో ‘లొఖ్ న్యాహఖ్’. అసలు పేరు ఎఖఖ్, ఓ మనిషి పేరుకు షష్ఠి. ముందు నకారం లేదు. ప్రాచీన ఐరిష్‌లో సరస్సు అనే మాట ‘లొఖ్’ నపుంసకం, నపుంసకం ప్రథమలో పక్కమాటకు నకారం ఇచ్చేది. తర్వాత నపుంసకలింగమే భాషలోంచి పోయింది. ఈ నకారం మాత్రం ఇంగ్లీషు మ్యాపులో కూడా ఉంది. కొండ ‘శ్లీఅవ్’ కూడా ఒకప్పుడు నపుంసకమే. అల్‌స్టర్‌లో స్లీవ్ గలియన్ కొండ పేరులో గకారం అసలు కకారం.

వైయాకరణి: వెక్స్‌ఫర్డ్ ఊరిని ఐరిష్‌లో ఏమంటారు? ‘లొఖ్ గర్మన్’. అదీ లొఖ్‌యే. మీ నపుంసకం ప్రకారం ఙకారం రావాలి, నేటి పేరులో లేదు. మీ మాట నమ్మి లొఖ్ కనిపించిన చోటల్లా ఉరూ చేస్తే సగం మ్యాపు తప్పు చదువుతాం. ఊరి పేరు ఊరివాళ్లు ఎలా అంటే అలాగే.

నైరుక్తుడు: మరి న్యాహఖ్‌లో ఆ నకారం ఎక్కడిదని విద్యార్థి అడిగితే?

వైయాకరణి: మీ దగ్గరికే పంపిస్తాను మాస్టారూ. నాలుగు రూపాలూ అప్పజెప్పాక.